మోటారుకారు తాళపుచెవు లన్నియు పోయినచో

ఇంటి తాళపుచెవి పోయినచో తాళములు బాగుచేయువానిని పిలిపించి గడియలో పని చక్కబెట్టుకొనుట అందరెరిగినదే. మోటారుకారు చెవి పోయినను అట్లే యగునని పలువురు తలంచుచున్నారు. అంబాసిడరు, ప్రీమియరు పద్మిని బండ్లు విరివిగా తిరిగిన కాలమున ఆ తలంపు సరియైనదే. ఆ బండ్ల చెవి వట్టి లోహపుముక్క. ఆకురాయి పట్టనేర్చిన పనివాడు దారిప్రక్క కూర్చుండియే దానిని తీర్చగలిగెడివాడు. నేటి కారుచెవి అట్టిది కాదు. రెండు చెవులలో ఒకటి పోగొట్టుకొనిన వానికిని, రెండును పోగొట్టుకొనిన వానికిని నేడు గల భేదము మిక్కిలి గొప్పది. ఆ భేదమునకు కారణమేమో, అట్టి యిక్కట్టు తటస్థించినప్పుడు మన వజ్రపుకొత్తూరు ప్రాంతమువారు చేయదగినదేమో యిచట వివరింప బూనితిమి.

పట్టణవాసికి ఇది రెండు మూడు దినముల చికాకు. మన వైపున అంతటితో తీరదు. నువ్వలరేవు, మంచినీళ్లపేట మొదలగు తీరగ్రామముల వారికి వేళగాని వేళ బస్సు దొరకదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెంతగా వ్యాపించియున్నదో ఇక్కడివారికి మేము చెప్పనక్కరలేదు. డయాలసిస్ చేయించుకొను రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోవలసినదే. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడిన పిదప దూరము తగ్గినది గాని ప్రయాణము తప్పలేదు. వీధిలో ఒక్కరికి కారున్నచో అది ఆ వీధిలోని రోగు లందరి కారే. అట్టి బండి చెవులు ఆదివారమునాడు పోయినచో సోమవారపు డయాలసిస్ ఆగదు గదా! కనుక మా మొదటి మాట తాళపుచెవిని గూర్చినది కాదు. ముందు వేరొక బండిని మాట్లాడుకొనవలెను. ప్రాణాపాయమైనచో 108కి ఫోను చేయవలెను. చెవి సంగతి తరువాత నిదానముగా చూచుకొనవచ్చును. ఈ విషయమున ఎక్కువ ఖర్చు తెచ్చునవి తొందరలో చేసిన పనులే: అద్దము పగులగొట్టుట, స్టీరింగు తాళమును బలిమిని విరుచుట, తీగెలు తెంపి కలుపుట. ఈ మూడింటివలనను నేటి కారు కదలదు. కదలకపోవుటకు కారణము తెలియవలెనన్నచో తాళము లోపల నేమున్నదో చూడవలెను.

నిజమునకు కారునకు రెండు తాళములు కలవు. ఒకటి లోహముతో చేసినది, రెండవది కంటికి కనబడనిది.

లోహపు తాళము పాతదే. అమెరికాదేశపు లైనస్ యేల్ అను నతడు 1861లో పేటెంటు పొందిన తాళములో చిన్నసూదులు స్ప్రింగుల క్రింద వరుసగా నిలిచియుండును. కారు తాళములో సూదులకు బదులు పలుచని రేకుబిళ్ల లుండును. చెవి దూర్చనప్పుడు ఈ బిళ్లలు లోపలి గొట్టమునుండి బయటికి పొడుచుకొనివచ్చి, చుట్టునున్న గాడిలో తగులుకొని, గొట్టమును తిరుగనీయవు. సరియైన చెవిని దూర్చినచో దాని గాట్లకు దగినట్లు బిళ్ల లన్నియు లోపలికి సర్దుకొనును. అప్పుడు గొట్టము తిరుగును. ఒక్క గాటు రవ్వంత లోతు తప్పినను ఒక బిళ్ల అడ్డుపడును. చెవిమీద 8 తావులలో గాట్లు గలవనియు, ఒక్కొక్క తావున 4 లోతులు సాధ్యమనియు అనుకొందము. నాలుగును ఎనిమిది మారులు వేసి హెచ్చించినచో 65,536 రకముల చెవులు వచ్చును. మా లెక్కల తరగతివారు దీనిని సరిచూచుకొనవచ్చును. నిజముగా తయారగు రకములు ఇంతకు తక్కువ. ఏలయన అన్ని గాట్లును ఒకే లోతున నుండు చెవివంటి వానిని, ఎవరైనను సులభముగా తెరువగలరని, తయారుచేయువారు విడిచిపెట్టుదురు.

ఈ గాట్ల క్రమమును తెలుపు సంఖ్య యొకటి యుండును. క్రొత్త కారు కొనినప్పుడు చెవులతోపాటు చిన్న బిళ్లమీదనో అట్టముక్కమీదనో ఆ సంఖ్యను ముద్రించి యిచ్చుట పెక్కు కంపెనీలకు వాడుక. పాత చెవి కంటికి కనబడకున్నను, ఆ సంఖ్యను బట్టి యంత్రముమీద క్రొత్త చెవిని కోయవచ్చును. దీనిని పనికిమాలినదని పారవేయువారు కొందరు. అదే గుత్తికి తగిలించి, గుత్తితోపాటు పోగొట్టుకొనువారు మరికొందరు. వెనుకటివారికంటె ముందటివారే కొంత నయము, ఏలయన దొరికినవానికి తమ చెవి సంఖ్యను గూడ కానుక యిచ్చినవారు కారు. గాట్లకు సంఖ్య యెంత చాలునో మరియొక సంగతి వలన తెలియును. 2008లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 195 అడుగుల దూరమునుండి తీసిన ఛాయాచిత్రమును బట్టి తాళపుచెవి గాట్లను కంప్యూటరుచే లెక్కగట్టించిరి. క్రొత్త కారు కొన్న సంబరమున చెవిని చేతబట్టి ఫోటో తీయించుకొని వాట్సాపులో పదిమందికి పంపు యువకులు ఈ సంగతి యెరిగియుండుట మంచిది.

ఇక రెండవ తాళము. చెవియొక్క నల్లని ప్లాస్టిక్ తలలో మిక్కిలి చిన్న చిప్పు ఒకటి ఇమిడియుండును. ఈ చిప్పునకు బ్యాటరీ అక్కరలేదు. మరి యెట్లు పనిచేయును? కారులో చెవి దూర్చు రంధ్రము చుట్టును రాగితీగెచుట్ట యొకటి కలదు. చెవి త్రిప్పగానే ఆ చుట్టలో సెకనునకు సుమారు 1,25,000 మారులు ఊగిసలాడు విద్యుత్తు పారును. మారుచున్న అయస్కాంతక్షేత్రము దగ్గరనున్న మరియొక తీగెచుట్టలో విద్యుత్తును పుట్టించునని మైకేల్ ఫేరడే 1831లో కనుగొనెను. మన బాలబాలికలు భౌతికశాస్త్రములో చదువు నియమ మిదియే. చిప్పుతో కూడియున్న సన్నని చుట్టలో అట్లు పుట్టిన అత్యల్ప విద్యుత్తే దానికి ఆహారము. ఆ ఆహారముతో మేలుకొని చిప్పు తన గుర్తును పలుకును. ఆ గుర్తు తన జాబితాలో నున్నదో లేదో కారులోని కంప్యూటరుపెట్టె చూచును. ఉన్నచో ఇంజను నడుచును. లేనిచో చెవి తిరిగినను, ఇంజనునకు ఇంధనము గాని నిప్పురవ్వ గాని అందనీయదు. దీనినే ఇమ్మొబిలైజరు అందురు. మారుతీ కంపెనీవారు తమ బండ్లలో దీనికి ఐక్యాట్స్ అని పేరు పెట్టిరి.

మొదట వచ్చిన చిప్పులు ఎల్లప్పుడును ఒకే సంఖ్యను పలికెడివి. చాటుగా విన్నవాడు దానిని అనుకరింపగలడు. పిమ్మట వచ్చినవి తెలివైనవి. బండి ప్రతిసారియు ఒక క్రొత్త సంఖ్యను ప్రశ్నగా వేయును. చిప్పు తనలోని రహస్యసంఖ్యను దానితో కలిపి లెక్కవేసి బదులు చెప్పును. బండియు తనంతట అదే లెక్క వేసికొని రెండు ఫలితములను పోల్చును. కోటకావలివాడు రాత్రికొక క్రొత్త ప్రశ్న వేయుచుండగా, నిన్నటి జవాబును పొంచి విన్నవానికి నేడు ప్రయోజనమేమి? రహస్యసంఖ్య 40 బిట్లదైనచో అది సుమారు 1,09,951 కోట్ల సంఖ్యలలో ఏదైన కావచ్చును. అయినను 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము వారును, ఆర్.ఎస్.ఎ. ప్రయోగశాల వారును కలిసి అట్టి చిప్పు నొకదానిని భేదించి చూపిరి. ఇందు ఆశ్చర్యపడదగిన దేమియు లేదు. లండనులో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళమును గూర్చి, దీనిని తెరచినవారికి 200 గినీలని దుకాణపు కిటికీలో ప్రకటన యుంచగా, 1851లో హాబ్స్ అను అమెరికాదేశస్థుడు 16 దినములలో 50 గంటలకు పైగా శ్రమపడి దానిని తెరచెను. అయినను సామాన్యపు దొంగకు హాబ్స్ నేర్పును లేదు, ఓర్పును లేదు.

ఇమ్మొబిలైజరు లేకపోయిన నేమగునో అమెరికాలో ఇటీవలనే ఋజువైనది. అచ్చట హ్యుందాయి, కియా కంపెనీలు 2011 మొదలు 2021 వరకు అమ్మిన బండ్లలో అనేకమునకు ఇమ్మొబిలైజరు లేదు. 2021, 2022 సంవత్సరములలో కుర్రవాండ్రు స్టీరింగు క్రింది మూత ఊడదీసి, ఫోను ఛార్జి చేయు తీగె కొనతో త్రిప్పి, ఆ బండ్లను దొంగిలించుట నేర్చి, ఆ విద్యను ఒకరికొకరు వీడియోలలో చూపుకొనిరి. 2023 మే నెలలో ఆ కంపెనీలు సుమారు 20 కోట్ల డాలర్లతో బాధితులతో రాజీకి వచ్చినవి. కెనడాలో 2007 నుండి ఇమ్మొబిలైజరు తప్పనిసరి యగుటచే అచ్చట ఈ బెడద వ్యాపింపలేదు.

దొంగను ఆపు ఆ కంప్యూటరుపెట్టెయే, చెవులు పోగొట్టుకొనిన యజమానినిగూడ ఆపును. అది మొగము చూచి గుర్తుపట్టునది కాదు. ఒక చెవి మిగిలియున్నచో దానిని ఆధారముగా గొని మారుచెవిని జాబితాలో చేర్చుట తేలిక. రెండును పోయినచో, ఆ బండికి సంబంధించిన రహస్యాంకెను తయారుచేసిన కంపెనీనుండి తెప్పించి, జాబితానే క్రొత్తగా వ్రాయింపవలెను. గాట్లు కోయుట పావుగంట పని. మిగిలిన కాలమంతయు ఈ రెండవ పనికే పట్టును.

కాని చెవులు నిజముగా పోయినవో లేదో ముందు నిశ్చయించుకొనవలెను. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు. బొత్తాము నొక్కినంతనే నడుచు బండ్ల చెవిలో బ్యాటరీ అయిపోయినచో బండి దానిని గుర్తింపదు. చెవి పాడైనదనియు, పోయినదానితో సమానమనియు యజమాని బెంగపడును. అట్టి చెవిలో చిన్న లోహపుచెవి దాగియుండును. దానిని లాగి తలుపు తెరచి, చెవిని స్టార్టు బొత్తామునకు ఆనించి నొక్కినచో చాల బండ్లలో ఇంజను నడుచును. తరువాత నాణెమువంటి క్రొత్త బ్యాటరీ వేసికొనిన సరి. అక్కుపల్లి శివసాగర తీరమున ఇసుకలో చెవి జారిన యెడల, అందరును ఒకేసారి వెదకబోయి త్రొక్కరాదు. కూర్చుండిన తావు చుట్టును గీత గీసి, ఒక్కరే ఇసుకను జల్లించుట మేలు. ఉప్పునీటిలో తడిసిన చెవి దొరికినచో మంచినీటితో కడిగి, బ్యాటరీ తీసి ఆరబెట్టవలెను.

చెవి కారు లోపలనే యుండి తలుపులు బిగిసి, లోపల పసిబిడ్డ చిక్కుకొనినచో మాత్రము పై మాట లేవియు వర్తింపవు. ఎండలో మూసిన కారు నిమిషములలో కాగిపోవును. బిడ్డకు దూరముగానున్న అద్దమును తత్‌క్షణమే పగులగొట్టవలెను, 112కు ఫోను చేయవలెను.

నిజముగానే పోయినవని తేలిన పిమ్మట పత్రముల సంగతి. సాధారణముగా కంపెనీ వర్క్‌షాపువారు బండి రిజిస్ట్రేషను పత్రము, యజమాని గుర్తింపుకార్డు, భీమా పత్రము, యజమాని వ్రాసియిచ్చిన అర్జీ అడుగుదురు. పోలీసులకిచ్చిన ఫిర్యాదు నకలును గూడ పలుచోట్ల అడుగుదురు. రిజిస్ట్రేషను పత్రము బండిలోనే తాళము వెనుక చిక్కుకొనిన యెడల దిగులుపడనక్కరలేదు, ఫోనులో డిజిలాకరునుండి తీసికొనవచ్చును. అందులోనే 17 అక్షరాంకెల ఛాసిస్ సంఖ్య యుండును. కంపెనీవారు రహస్యాంకెను వెదకునది దానిని బట్టియే.

పోలీసు ఠాణాలో రెండు రకముల వ్రాతలు కలవు. చెవి జారిపోయినచో అది నేరము కాదు గనుక, పోయినదని అర్జీ యిచ్చి, అందినట్లు ముద్రవేయించుకొనిన చాలును. దొంగిలింపబడెనని అనుమానమున్నచో అట్లే చెప్పవలెను. అప్పుడు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను క్రింద ప్రథమ సమాచార నివేదిక వ్రాయుదురు. ఒకటి మరియొకటిగా వ్రాయించుట వలన తరువాత భీమా విషయమున చిక్కులు పుట్టును.

మన ఉద్దానమున మరియొక చిక్కు తరచుగా వచ్చును. ఇచ్చటి యువకులు అనేకులు పరరాష్ట్రములలోను, గల్ఫుదేశములలోను పనిచేయుచున్నారు. కారు వారి పేర నుండును; నడుపుకొనువాడు తండ్రియో, తమ్ముడో. రహస్యాంకె ఇచ్చుటకు యజమాని అనుమతి కావలెను గనుక, ఆయన సంతకముగల అధికారపత్రమును, గుర్తింపుకార్డు నకలును తెప్పించుకొనవలెను. యజమాని కాలము చేసి, బండి ఇంకను ఆయన పేరనే యున్నచో పని మరింత జాప్యమగును. ఫారము 31 పెట్టి వారసుని పేరునకు మార్పించుకొనుట చెవి పోకముందే చేయదగిన పని. పాతబండిని ఒకే చెవితో కొనువారిని గూర్చియు ఒక మాట. రెండవ చెవి యేమైనదని అడుగక కొనినవారు, ఆ రెండవ చెవి ఎవరిచేత నున్నదో యెరుగక నిద్రించుచున్నారు. చెవులు రెండును, సంఖ్యబిళ్లయు చేతబడువరకు ధర తెగ్గొట్టకుండుటయే ఉచితమని మా అభిప్రాయము.

ఇక బండిని వర్క్‌షాపునకు చేర్చుట. కంపెనీ యంత్రమును బండికి తగిలించినగాని జాబితా వ్రాయుట సాధ్యపడదు. ఆ యంత్రమును ఇంటికి తెచ్చువారు తక్కువ. చెవి లేని కారు స్టీరింగు బిగిసియుండును గనుక త్రాటితో లాగరాదు. చక్రములు నేలనంటకుండ బల్లలారీమీద ఎక్కించి, కాశీబుగ్గకో, శ్రీకాకుళమునకో, ఆ కంపెనీ వర్క్‌షాపు ఎచ్చట నున్నదో అచ్చటికి 16వ జాతీయరహదారి వెంట గొనిపోవలెను. అనేక భీమా పత్రములలో రోడ్డుసహాయము చేరియుండును. లారీకి డబ్బు చెల్లించుటకు ముందే ఆ పత్రమును చదువుట మంచిది. చెవి తెప్పించుటకు కొన్ని దినములు పట్టును. ఖర్చు మామూలు చిప్పుచెవికి కొన్నివేలు. బొత్తాముతో నడుచు బండి చెవికి పదివేలు దాటుటయు కలదు. ముందుగా వ్రాతమూలకముగా ధర తెలిసికొనవలెను, చెవి వెలయు, ప్రోగ్రాము కూలియు వేరువేరుగా.

కంపెనీకి పోక, తాళముల పనివారిచేతనే చేయించుకొనవచ్చునా యని అడుగువారు కలరు. చేయించుకొనవచ్చును. నేర్పుగల పనివాడు తలుపు తాళమును ఊడదీసి, బిళ్లల లోతులను చూచి చెవి కోయగలడు. పిమ్మట స్టీరింగు క్రిందనుండు 16 సూదుల సాకెట్టునకు తన యంత్రమును తగిలించి చిప్పును జాబితాలో చేర్చగలడు. ఇంటికే వచ్చును గనుక లారీ ఖర్చు తప్పును. కాని కొన్ని బండ్లలో కంప్యూటరుపెట్టెను విప్పి అందులోని జ్ఞాపకపు చిప్పును చదువవలసియుండును. చేయి జారినచో ఆ పెట్టె చెడి, చెవికి పదింతల ఖర్చు మీదపడును. మంచి పనివానిని గుర్తించుటకు మాకు తెలిసిన ఆనవాలు ఒకటే: అతడు పని ముట్టకముందు రిజిస్ట్రేషను పత్రము చూపుమని అడుగును. అడుగనివాడు మన బండికి చెవి చేసినట్లే, మన బండికి దొంగ అడిగినను చేయును.

మోటారుసైకిళ్ల గొడవ ఇంత లేదు. చాలవాటి చెవిలో చిప్పు లేదు గనుక తాళముల జత నంతయు మార్చుట తక్కువ ఖర్చుతో తీరును.

పని ఎవరు చేసినను ఒక్కటి అడిగి చేయించుకొనవలెను: పాత చెవుల గుర్తులను జాబితానుండి తుడిచివేయుట. అట్లు తుడిచినచో పోయిన చెవి దొరికినవాడు తలుపు తెరువగలడు గాని ఇంజను నడుపలేడు. తలుపును గూడ తెరువకూడదనినచో తాళముల జతను మార్పింపవలెను. ఇంటి చిరునామా గల కాగితముతోపాటు చెవులు పోయినవారికి ఈ ఖర్చు పెట్టుట తగును.

భీమాను గూర్చి చాలమందికి తెలియని సంగతి యొకటి కలదు. కారు దొంగిలింపబడి నష్టపరిహారము కోరునప్పుడు భీమా కంపెనీవారు బండి చెవులన్నియు అప్పగింపుమని అడుగుదురు. ఒకటి లేకున్న, బండిలోనే చెవి వదలి అజాగ్రత్త వహించితిరని వాదమునకు దిగుటకు వీలగును. కనుక చెవి పోయిన వెంటనే భీమావారికి లేఖ వ్రాసి, దాని జవాబును, పోలీసు ముద్రగల అర్జీని, క్రొత్త చెవుల రసీదును ఒక్కచోట దాచవలెను. చెవి పోయిన ఖర్చు మామూలు పత్రములో చేరదు. దానికి ప్రత్యేకముగా కొంత సొమ్ము కట్టి అనుబంధము తీసికొనియుండవలెను.

క్రొత్త చెవులు చేతికి వచ్చినప్పుడు వర్క్‌షాపు విడువకముందే ప్రతి చెవితోను ముందు తలుపు, వెనుక డిక్కీ, ఇంజను మూడింటిని పరీక్షింపవలెను. జాబితాలో ఎన్ని చెవులున్నవో యంత్రపు తెరమీద చూపుమని అడుగవలెను. రెండు చెవులు చేయించుకొనినవానికి అందులో రెండే కనబడవలెను, మూడు కనబడరాదు. రెండవ చెవిని మొదటిదానితో ఒకే మేకుకు తగిలింపక, ఊరిలోనే మరియొక బంధువుల ఇంట నుంచుట మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన తెల్లవారుజామున చెట్లు పడి, పైకప్పులు లేచిపోయిన యిండ్లలో సామాను వెదకుకొనిన వారికి, వస్తువులన్నియు ఒకేచోట నుంచుటలోని కష్టము తెలియును.

కొన్ని నెలల కనంతరము పాత చెవి యే జీడితోటలో ఆకుల క్రిందనో, ఏ కొబ్బరి మడిలోనో దొరకవచ్చును. తుడిచివేయబడినది గనుక దానితో ఇంజను నడువదు, అయినను పారవేయరాదు. కొన్ని రకముల బండ్లలో దానిని మరల జాబితాలో చేర్చుటకు వీలు కలదు. అప్పుడు యజమానికి మూడు చెవు లుండును.